కష్టం తర్వాత పోయిన నిద్రను తిరిగి తెచ్చుకోవడం ఎలా: గోదావరి డెల్టా ఇళ్ల కోసం ఒక మార్గదర్శి

ఇంట్లో మనిషి పోయినా, వైట్ స్పాట్ అనే రొయ్యల తెగులు తగిలి చెరువు తుడిచిపెట్టుకుపోయినా, వరదకి ఇల్లు మునిగినా, కూతురి కాపురం చెడినా ముందు దూరమయ్యేది నిద్రే. ఆ కొద్దిరోజులూ నిద్ర రాకపోవడంలో వింతేమీ లేదు. కానీ నెలలు గడిచి, అప్పు ఓ దారికొచ్చి, పగలంతా ఎప్పటిలా పనుల్లో పడ్డాక కూడా కొందరికి రాత్రి మాత్రం తెల్లవార్లూ మెలకువే. దీపాలు పెట్టే వేళ నుంచే "ఈ రాత్రీ ఇంతేనేమో" అని గుండెల్లో గుబులు మొదలవుతుంది. పగటి కష్టం కన్నా రాబోయే రాత్రి మీద భయమే ఎక్కువైపోతుంది.

ఈ మార్గదర్శి వాళ్ల కోసం, వాళ్లతో ఒకే ఇంట్లో ఉంటూ ఏం చేయాలో తోచని వాళ్ల కోసం. నిద్రను చెడగొట్టింది జరిగిన సంఘటనే. అయితే దాన్ని బాగుపడనివ్వకుండా పట్టి ఉంచేవి చాలావరకు నిద్ర కోసం మనం పడే తంటాలు. పెందలాడే మంచమెక్కడం, పగలు పడుకుని రాత్రి లోటు పూడ్చుకోవాలనుకోవడం, గంటగంటకీ టైమ్ చూసుకోవడం, పక్కింటివాళ్ల దగ్గర మాత్ర తెచ్చుకోవడం లాంటివి. వీటిని ఒక్కొక్కటిగా వదిలించుకుంటే నిద్ర తిరిగొస్తుంది. కింద చెప్పిన అడుగులన్నీ ఇందుకే.

ఇవి నా సొంత చిట్కాలు కావు. ఆలోచనలనీ అలవాట్లనీ మార్చి నిద్రలేమిని తగ్గించే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, పొట్టిగా సీబీటీ-ఐ, అనే పద్ధతిలోవి. దీర్ఘకాలిక నిద్రలేమి ఉన్న పెద్దవాళ్లకి మాత్రల కన్నా ముందు ఇదే ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సిఫారసు చేసింది. మన ఇళ్లకి, మన పనులకి సరిపోయేలా దాన్ని ఇక్కడ చెబుతున్నాను.

పోయిన నిద్ర ఎందుకు తిరిగి రాదు

ఒంట్లో మూడు పనులు జరుగుతుంటాయి. మెలకువగా ఉన్న ప్రతి గంటా మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పేరుకుంటుంది. అది పెరిగేకొద్దీ నిద్ర ముంచుకొస్తుంది. ఇది అచ్చం ఆకలి లాంటిదే. మధ్యాహ్నం రెండు గంటలు పడుకుని రాత్రి ఎనిమిదింటికే మంచమెక్కడమంటే, సాయంత్రం నాలుగు గారెలు తిని విస్తరి ముందు కూర్చోవడమే.

రెండోది ఒంట్లోని గడియారం. పొద్దున్నే కంట్లో పడే వెలుతురు, రోజూ లేచే వేళ దాన్ని సరిచేస్తుంటాయి.

మూడోది అపాయం వస్తే మనల్ని మేలుకొలిపే వ్యవస్థ. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని లంక గ్రామాల్లో పిల్లలకీ తెలుసు. మూడో హెచ్చరిక ఉన్న రాత్రి లంకలో ఎవరూ నిద్రపోరు, పోకూడదు కూడా. చిక్కల్లా వరద తీసేసి, ఇల్లు కడుక్కుని, సామాన్లు ఎండబెట్టుకున్నాక కూడా ఒంట్లో ఆ మెలకువ దిగకపోవడమే. వరుసగా కొన్ని వారాలు మంచం మీద భయంతో మేల్కొని ఉంటే మెదడు ఆ మంచానికీ భయానికీ ముడి వేసేస్తుంది. హాల్లో టీవీ చూస్తూ కునికిపాట్లు పడిన మనిషి మంచం మీద వాలగానే కళ్లు విప్పార్చుకోవడానికి కారణం ఈ ముడే.

ఆర్థర్ స్పీల్‌మన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1980ల్లో ఈ సంగతిని తేటగా చెప్పాడు. కొందరికి స్వభావరీత్యానే నిద్ర పలచన. అలాంటివాళ్ల మీద ఒక దెబ్బ పడితే నిద్ర పాడవుతుంది. ఆ దెబ్బ నెమ్మదిగా మానుతుంది గానీ, నిద్ర కోసం కొత్తగా చేసుకున్న అలవాట్లు మాత్రం ముదురుతూ పోతాయి. వైద్యం చేయాల్సింది ఆ అలవాట్లకి.

మొదటి రెండు మూడు వారాలు

ఈ రోజుల్లో నిద్రకి వైద్యం మొదలుపెట్టకండి. ఏడుపు వస్తే ఏడవండి. వేళకి రెండు ముద్దలు తినండి. రాత్రి ఎలా గడిచినా పొద్దున్న ఒకే వేళకి లేవండి. ఎవరో ఇచ్చిన నిద్రమాత్ర వేసుకోకండి. అంతే చాలు.

మా వైపు మనిషి పోయిన ఇంట్లో పెద్దకర్మ దాకా జనం ఉంటారు. హాల్లో చాపలు పరుచుకుని చుట్టాలంతా పడుకుంటారు, ఏ రాత్రి లేచినా ఎవరో ఒకరు పలకరిస్తారు. అసలు నిద్రలేమి మొదలయ్యేది కర్మ అయిన మర్నాడు, ఆఖరి ఆటో కూడా వెళ్లిపోయి ఇల్లు ఒక్కసారిగా ఖాళీ అయ్యాక. కాబట్టి చుట్టాలకి నా మనవి: అందరూ కట్టగట్టుకుని ఉండి కట్టగట్టుకుని వెళ్లిపోకండి. వంతులవారీగా ఒకరు చొప్పున ఆ తర్వాత నెల్లాళ్లు ఆ ఇంట్లో పడుకోండి. పదిమంది పది రోజులు ఉండడం కన్నా అది ఎక్కువ మేలు చేస్తుంది.

వారానికి 3 రాత్రులు, అలా 3 నెలలు నిద్ర చెడితే దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు. అంతవరకూ ఆగనక్కర్లేదు. నెల దాటినా సర్దుకోకపోతే కింది అడుగులు మొదలుపెట్టవచ్చు.

ముందు డాక్టర్ని కలవాల్సినవాళ్లు

పెద్దగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేచేవాళ్లకి స్లీప్ ఆప్నియా ఉండొచ్చు, దానికి వైద్యం వేరు. ఫిట్స్ ఉన్నవాళ్లు, బైపోలార్ జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు కింద చెప్పిన మూడో అడుగు, అంటే మంచం మీద గంటలు తగ్గించడం, సొంతంగా చేయకూడదు. నిద్ర గంటలు తగ్గితే వాళ్లకి ప్రమాదం. రాత్రిపూట లారీ, కారు నడిపేవాళ్లు, మిషన్ల మీద పనిచేసేవాళ్లు కూడా డాక్టర్ని అడిగే చేయాలి. థైరాయిడ్ ఎక్కువైనా గుండెదడతో నిద్ర పట్టదు. షుగర్ అదుపులో లేక రాత్రి నాలుగైదుసార్లు బాత్‌రూమ్‌కి లేచేవాళ్లకి ముందు షుగర్ సంగతి చూడాలి. బీపీకి నీళ్లు పోయించే మాత్ర రాత్రి వేసుకుంటుంటే, దాన్ని పొద్దుటికి మార్చవచ్చేమో డాక్టర్ని అడగండి.

మొదటి అడుగు: వారం రోజులు రాసుకోండి

ఒక పాత నోట్‌బుక్ చాలు. రోజూ పొద్దున్న కాఫీ తాగేటప్పుడు నాలుగు సంగతులు రాయండి: ఎన్నింటికి మంచమెక్కారు, సుమారుగా ఎప్పుడు నిద్ర పట్టింది, మధ్యలో ఎంతసేపు మెలకువగా ఉన్నారు, ఎన్నింటికి లేచారు. అంచనాగా రాస్తే సరిపోతుంది. రాత్రి గడియారం చూసి రాయవద్దు. చేతి వాచీ, ఫోన్ యాప్ చెప్పే నిద్ర లెక్కలూ వద్దు. అవి చూసి బెంగ పెరిగేవాళ్లే ఎక్కువ.

"రాత్రంతా కన్ను మూయలేదు" అనుకునేవాళ్లు కూడా రాసి చూసుకుంటే సాధారణంగా నాలుగైదు గంటలు తేలుతుంది. నిద్ర లేనివాళ్లు అబద్ధం చెబుతారని కాదు. పలచటి నిద్రలో బయటి చప్పుళ్లు చెవిన పడుతూనే ఉంటాయి కాబట్టి అది మెలకువలాగే గుర్తుంటుంది.

రెండో అడుగు: లేచే వేళ ఒక్కటే

పడుకునే వేళ మన చేతుల్లో లేదు, లేచే వేళ ఉంది. ఒక వేళ పెట్టుకోండి. పల్లెల్లో 5, టౌన్లో 6 అనుకోవచ్చు. రాత్రి రెండింటిదాకా నిద్ర పట్టకపోయినా, ఆదివారమైనా, పండగైనా అదే వేళకి లేవాలి. లేచిన గంటలోపు ఆరుబయట అరగంట ఉండండి. కాలువ గట్టు మీద నడవండి, పెరట్లో మొక్కలకి నీళ్లు పోయండి, వాకిలి ఊడ్చి ముగ్గేయండి. కంట్లో పడే ఆ పొద్దుటి వెలుతురు ఆ రాత్రి నిద్రకి పునాది.

మూడో అడుగు: మంచం మీద గంటలు తగ్గించండి

అన్నిటికన్నా బలంగా పనిచేసేది ఇదే, వినగానే ఎవరూ ఒప్పుకోనిదీ ఇదే. నిద్ర లేక చస్తుంటే ఇంకా తక్కువసేపు పడుకోమంటారేమిటని అడుగుతారు. లెక్క చూడండి.

ఒక రొయ్యల రైతు ఉన్నాడనుకుందాం. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచాక రేటు పడిపోయి, పట్టుబడిలో, అంటే చెరువులో రొయ్యలు పట్టి అమ్మినప్పుడు, పెట్టుబడి కూడా రాలేదు. రాత్రి 9కి మంచమెక్కుతాడు, పొద్దున్న 6కి దిగుతాడు. అంటే మంచం మీద 9 గంటలు. నోట్‌బుక్ ప్రకారం నిద్ర ఐదున్నర గంటలు. మిగిలిన మూడున్నర గంటలూ ఆ మంచం మీదే మేత డీలర్‌కి ఇవ్వాల్సినదీ, లీజు డబ్బూ తలుచుకుంటూ దొర్లుతాడు. మంచం మీద గడిపిన కాలంలో నిద్ర 61 శాతం మాత్రమే.

అతను చేయాల్సింది ఇది. వారం సగటు నిద్ర ఐదున్నర గంటలు, దానికి అరగంట కలిపితే 6. లేచే వేళ 5 అనుకుంటే రాత్రి 11కి ముందు మంచమెక్కకూడదు. నిద్ర ముంచుకొచ్చినా 11 దాకా ఆగాలి. 11 అయినా నిద్ర రాకపోతే వచ్చేదాకా ఆగాలి. లేచేది మాత్రం 5కే. వారం తర్వాత మళ్లీ లెక్క చూడాలి. మంచం మీద ఉన్న కాలంలో నిద్ర 85 శాతం దాటితే, అంటే 6 గంటల్లో 5 గంటల 6 నిమిషాలు దాటితే, పడుకునే వేళ 15 నిమిషాలు ముందుకు జరుపుకోవచ్చు. 80 నుంచి 85 మధ్య ఉంటే అలాగే ఉంచాలి. అంతకన్నా తక్కువైతే 15 నిమిషాలు తగ్గించాలి. ఎంత తగ్గించినా 5 గంటల కిందికి వెళ్లకూడదు. ఇలా వారానికి పావుగంట చొప్పున పెంచుకుంటూ, పగలు హుషారుగా ఉండేంత నిద్ర దొరికేదాకా వెళ్లాలి.

మొదటి వారం, పదిరోజులు కష్టంగానే ఉంటుంది. సాయంత్రం ఏడింటికి కళ్లు వాలిపోతాయి. ఆ నిద్రమత్తే మనకి కావాల్సింది, దాన్ని పోగేసి రాత్రికి వాడుకోవాలి. ఆ రోజుల్లో ఎక్కువదూరం బండి నడపవద్దు. ఏటిగట్టు రోడ్ల మీద అసలే వద్దు.

అరవై దాటినవాళ్లకి నేను ఇంత కచ్చితంగా చెప్పను. వాళ్లు మంచం మీద కాలాన్ని వారానికి అరగంట చొప్పున నెమ్మదిగా తగ్గించుకుంటే చాలు. పగలు కునుకు తప్పదనుకుంటే మధ్యాహ్నం మూడులోపు 20 నిమిషాలు, అదీ అలారం పెట్టుకుని.

నాలుగో అడుగు: నిద్ర రాకపోతే లేవండి

మంచానికీ భయానికీ పడిన ముడి విప్పేది ఇదే. రిచర్డ్ బూట్జిన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1972లో ఈ పద్ధతి చెప్పాడు. మంచం నిద్రకీ దాంపత్యానికీ తప్ప మరి దేనికీ వాడకూడదు. ఫోన్, టీవీ, చిట్టా లెక్కలు, భోజనం అన్నీ మంచం అవతలే. పడుకున్నాక సుమారు 20 నిమిషాలు అయిందనిపించినా, దానికన్నా ముందే ఒంట్లో చిరాకు మొదలైనా లేచి పక్కగదిలోకి వెళ్లాలి. సన్నటి వెలుతురులో, చేతులకి పని ఉండి బుర్రకి పని లేని దేన్నైనా చేయాలి. కళ్లు మూతలు పడుతుంటే తిరిగి రావాలి. మళ్లీ పట్టకపోతే మళ్లీ లేవాలి.

మా నాన్నగారు పోయాక అమ్మ ఎనిమిదింటికే దోమతెర దించుకుని పడుకునేది. తెరలో అటూ ఇటూ మసులుతున్న చప్పుడు పక్కగదిలోకి వినిపించేది. నిద్ర పట్టకపోతే లేచి కూర్చోమంటే మొదట ఒప్పుకోలేదు. "అర్ధరాత్రి లేచి కూర్చుంటే చూసినవాళ్లు ఏమనుకుంటార్రా" అంది. చివరికి వసారాలో కుర్చీ వేసి, చిన్న బల్బు పెట్టి, చేటలో కొత్త చింతపండు పోసి ఉంచాం. లేచినప్పుడల్లా అక్కడ కూర్చుని పిక్కలు తీసేది. ఈనెలు ఒక పక్కకి, పిక్కలు గిన్నెలోకి, పండు ముద్దగా చేసి జాడీలోకి. మొదటి వారంలో చేటెడు పండూ అయిపోయిన రాత్రులున్నాయి. రానురాను తెల్లారి చూస్తే పండు చాలావరకు అలాగే ఉండేది, గిన్నెలో నాలుగు పిక్కలు మాత్రం కనిపించేవి.

మీకు చింతపండే కానక్కర్లేదు. పూలు కట్టొచ్చు, కొబ్బరాకు చీరి చీపురు పుల్లలు తీయొచ్చు, ఉతికిన బట్టలు మడతపెట్టొచ్చు, తెలిసిన స్తోత్రం మెల్లగా చదువుకోవచ్చు. ఫోన్ మాత్రం పట్టుకోవద్దు. దాని వెలుతురు కన్నా అందులో కనబడే రొయ్య రేట్లు, వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన మాట ఎక్కువ చేటు చేస్తాయి.

ఒకే గది ఇల్లయితే మంచం దిగి గోడవారగా చాప మీద కూర్చున్నా చాలు. మంచం దిగడమే ముఖ్యం.

ఐదో అడుగు: దిగులుకి పగలే ఒక వేళ పెట్టండి

రాత్రి రెండింటికి వచ్చే ఆలోచనలు పగలు తోసేసినవే. అందుకే సాయంత్రం ఐదున్నరకో ఆరుకో ఒక 20 నిమిషాలు దిగులుకే కేటాయించండి. అరుగు మీదో డాబా మీదో కూర్చోండి, మంచం మీద వద్దు. పేజీని నిలువుగా రెండు చేసి, ఎడమవైపు మనసుని తొలిచేది రాయండి. కుడివైపు దానికి చేయగలిగిన తర్వాతి చిన్న పని, ఏ రోజు చేస్తారో రాయండి.

"మేత డీలర్‌కి బాకీ, వడ్డీ పెరుగుతోంది" అన్నదానికి ఎదురుగా "బుధవారం షాపుకి వెళ్లి మూడు వాయిదాలు అడగాలి." "బంగారం బ్యాంకులో ఉంది, వేలం వేస్తారేమో" అన్నదానికి ఎదురుగా "రేపు బ్యాంకుకి వెళ్లి గడువు తేదీ కనుక్కోవాలి, వడ్డీ కట్టి తిరగరాయడానికి ఎంత కావాలో అడగాలి." అప్పుల మొత్తం ఎంతో తెలియక పడే భయం, ఆ మొత్తం కాగితం మీద చూసుకున్నాక పడే బాధ కన్నా పెద్దది. అప్పుల లెక్క భార్యకి తెలియకుండా దాచి ఒంటరిగా మేల్కొనే మగవాళ్లు మా వైపు చాలామంది. ఆ పేజీని ఆమెకి చూపించడం కూడా చికిత్సలో భాగమే అంటాను.

కుడివైపు ఏమీ రాయలేనివి కొన్ని ఉంటాయి. "ఆ రోజే కాకినాడ తీసుకెళ్లి ఉంటే బతికేవారేమో." దీనికి చేయాల్సిన పని లేదు. అలాంటిది వస్తే పోయినవారికి ఉత్తరంలా రాయండి, లేదా ఆయన్ని బాగా ఎరిగిన ఒకరితో ఆ సాయంత్రమే మాట్లాడండి. రోజూ ఒకే మాట వచ్చినా రాయండి.

రాత్రి అదే ఆలోచన మళ్లీ వస్తే "నోట్‌బుక్‌లో ఉంది, రేపు ఆరింటికి చూద్దాం" అనుకోండి. మొదట్లో మనసు వినదు. సాయంత్రం ఆ వేళ తప్పకుండా పాటిస్తూ ఉంటే కొన్నాళ్లకి వింటుంది.

ఆరో అడుగు: రాత్రి మీద భయం

గదిలో గోడ గడియారం ఉంటే తీసేయండి, ఫోన్ బోర్లించి దూరంగా పెట్టండి. "ఇప్పుడు మూడు, ఇంకా రెండు గంటలే ఉంది" అన్న లెక్క ఒక్కటే చాలు గుండె దడదడలాడడానికి.

భయం వెనక రెండు మూడు నమ్మకాలుంటాయి. ఎనిమిది గంటలు పడుకోకపోతే ఒళ్లు పాడైపోతుందని ఒకటి. పెద్దవాళ్లలో చాలామందికి 7 గంటలు సరిపోతుంది, ఒకటి రెండు రాత్రులు తగ్గినా ఒళ్లు మర్నాడు గాఢనిద్రను ముందుగా తీర్చుకుంటుంది. మధ్యలో మెలకువ వస్తే నిద్ర పాడైనట్టేనని మరొకటి. నిద్ర సుమారు గంటన్నర చొప్పున విడతలుగా సాగుతుంది, విడతల మధ్య మెలకువ రావడం అందరికీ ఉన్నదే. ఈ రాత్రి నిద్ర లేకపోతే రేపు పని చేయలేనన్నది మూడోది. నిద్ర లేకుండా గడిచిన ఈ నెలల్లో మీరు ఎన్ని పనులు చక్కబెట్టుకొచ్చారో ఒకసారి రాసి చూసుకోండి.

నిద్రపోవాలని గట్టిగా ప్రయత్నించేవాళ్లకి తిరగేసిన ఉపాయం ఒకటి పనిచేస్తుంది. దీపం ఆర్పి హాయిగా పడుకుని, కళ్లు మూయకుండా ఇంకాసేపు మెలకువగా ఉండాలని చూడండి. ఫోన్ లేదు, మాటలు లేవు, ఊరికే మెలకువ. నిద్రపోవాలన్న ఆరాటం తీసేస్తే నిద్రకి అడ్డు తగ్గుతుంది.

ఒంట్లో బిగువు ఎక్కువగా ఉంటే పాదాల నుంచి మొదలుపెట్టి ఒక్కో భాగాన్ని 5 సెకన్లు బిగించి, నెమ్మదిగా వదులుతూ నుదురు దాకా రండి. ఎడ్మండ్ జాకబ్సన్ అనే డాక్టర్ చెప్పిన పద్ధతి ఇది. ఊపిరి 4 అంకెలు లోపలికి, 6 అంకెలు బయటికి, ఓ పది నిమిషాలు. భ్రామరి ప్రాణాయామం అలవాటున్నవాళ్లు అదే చేసుకోవచ్చు. వీటిని పగలు సాధన చేసి ఉంటేనే రాత్రి పనికొస్తాయి.

వరద, తుపాను చూసినవాళ్లకి పీడకలలు మళ్లీ మళ్లీ వస్తాయి. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో ఉన్న పెద్దవాళ్లలో ఈదురుగాలి వీస్తే ఇప్పటికీ పక్క మీద నిలవలేనివాళ్లున్నారు. 2022 జూలై వరదలో డాబాల మీద రాత్రులు గడిపిన పిల్లలూ అంతే. వచ్చే కలని పగటిపూట కాగితం మీద రాసి, దాని ముగింపు మీకు నచ్చినట్టు మార్చండి. నీళ్లు గుమ్మం దాకా వచ్చి తగ్గిపోయినట్టు, పడవ వచ్చి అందరినీ ఎక్కించుకున్నట్టు. ఆ మార్చిన కలని రోజూ పది నిమిషాలు కళ్లముందు తెచ్చుకోండి. కొద్ది వారాల్లో కల తీవ్రత తగ్గడం చాలామందిలో కనిపిస్తుంది.

మాత్రలు, మందు, టీ

టీ, కాఫీ మధ్యాహ్నం తర్వాత ఆపండి. సాయంత్రం ఐదింటికి తాగిన కాఫీలో సగం కెఫీన్ రాత్రి పదికి కూడా ఒంట్లోనే ఉంటుంది. సిగరెట్, చుట్ట కూడా మెలకువ తెచ్చేవే.

మందు తాగితే నిద్ర వస్తుందన్నది సగం నిజం. మొదటి సగం రాత్రి మత్తుగా గడుస్తుంది, రెండో సగంలో నిద్ర తునకలవుతుంది. దిగులుతో తాగడం మొదలైతే కొన్నాళ్లకి నిద్రలేమికి తోడు తాగుడూ మిగులుతుంది.

మాత్రల సంగతి కొంచెం గట్టిగానే చెప్పాలి. ఆల్‌ప్రజోలామ్, క్లోనజెపామ్ లాంటివి డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందులు. చావు ఇంట్లో "పాపం, ఓ మాత్ర వెయ్యండి" అని ఎవరో ఇవ్వడం, అది నెలల తరబడి కొనసాగడం తరచూ జరిగేదే. వీటికి ఒళ్లు త్వరగా అలవాటుపడుతుంది. పెద్దవయసు వాళ్లు రాత్రి లేచినప్పుడు తూలిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకునే ప్రమాదం ఉంది. మందు తాగి ఇవి వేసుకుంటే ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. ఇప్పటికే కొన్నాళ్లుగా వేసుకుంటున్నవాళ్లు మాత్రం ఇది చదివి ఈ రాత్రే ఆపేయవద్దు. ఒక్కసారిగా ఆపితే నిద్రలేమి రెట్టింపవుతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టర్ పర్యవేక్షణలో వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి. డాక్టర్ చూసి, కొద్దిరోజులకని మోతాదు రాసి ఇచ్చిన మాత్ర వేసుకోవడంలో తప్పేమీ లేదు.

జలుబుకీ దురదకీ ఇచ్చే మాత్రలు నిద్ర కోసం వేసుకోవడం కూడా మానేయండి. మర్నాడంతా మత్తు, నోరు ఎండిపోవడం, పెద్దవాళ్లలో తికమక.

పడక, ఉక్కపోత, ఏరియేటర్లు

నిద్ర పట్టాలంటే ఒంటి వేడి కాస్త దిగాలి. పడుకోవడానికి గంట, గంటన్నర ముందు గోరువెచ్చటి నీళ్లతో స్నానం చేస్తే అందుకు సాయపడుతుంది. వేసవిలో డాబా మీదో వసారాలోనో దోమతెర కట్టుకుని పడుకోవడం ఏ సీలింగ్ ఫ్యాను గదికన్నా నయం. రొయ్యల చెరువుల్లో నీళ్లకి గాలి అందించే ఏరియేటర్ల మోత ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి చాలామందికి అలవాటైపోతుంది. కరెంటు పోయి అది ఆగినప్పుడే మెలకువ వస్తుంది. ఫంక్షన్ హాలు పక్కన ఇల్లయితే చెవుల్లో దూది పెట్టుకోండి.

చెరువు కాపలా ఉండేవాళ్ల కష్టం వేరు. తెల్లవారుజామునే నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది కాబట్టి రెండు, మూడు గంటలకి చూసుకోక తప్పదు. ఒక్కడే రోజూ లేస్తుంటే ఏ పద్ధతీ పనిచేయదు. అన్నదమ్ములైనా, పక్క చెరువువాళ్లయినా వంతులు వేసుకుని వారంలో కనీసం నాలుగు రాత్రులు పూర్తిగా పడుకునేలా చూసుకోండి. కాపలా రాత్రి గడిచాక తెల్లారి ఒకటిన్నర గంట పడుకోవచ్చు, పొద్దెక్కేదాకా వద్దు. పట్టుబడి అయిపోయి చెరువు ఎండగట్టిన రోజుల్లో మూడో అడుగు మొదలుపెట్టడం మంచిది.

ఇంట్లోవాళ్లకి

పొద్దున్నే "రాత్రి నిద్ర పట్టిందా?" అని అడగకండి. ప్రేమతోనే అడుగుతారు, కానీ అది రోజూ పరీక్ష ఫలితం అడిగినట్టవుతుంది. పదకొండు దాకా మెలకువగా ఉండాల్సిన మనిషికి తోడుగా పచ్చీసో కబుర్లో కాసేపు పెట్టుకోండి. వసారాలో ఒంటరిగా కూర్చున్నారని లేపి తెచ్చి పడుకోబెట్టకండి. పగలు పడుకోమని బలవంతం చేయకండి.

సాయం ఎప్పుడు అడగాలి

ఈ అడుగులు ఆరు నుంచి ఎనిమిది వారాలు సరిగ్గా పాటించినా మార్పు లేకపోతే మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లండి. నెల దాటినా ఆ సంఘటన కళ్లముందు జరుగుతున్నట్టే ఉండడం, చిన్న చప్పుడుకి వణికిపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, తిండి మానేయడం ఉంటే అంతకాలం కూడా ఆగవద్దు. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఇల్లు కదలలేనివాళ్లు 14416కి ఫోన్ చేయవచ్చు. ఇది 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్, ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు.

చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఇది నిద్ర సమస్య అనుకుని ఊరుకోవద్దు. ఆ క్షణమే ఇంట్లో ఒకర్ని లేపండి, 14416కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. ఇంట్లోవాళ్లు చెరువుకీ చేనుకీ తెచ్చిన మందులు, మాత్రల డబ్బాలు తాళం వేసి వేరేచోట పెట్టండి, ఆ మనిషిని ఒంటరిగా వదలకండి.

మళ్లీ చెడితే

చెడుతుంది. సంవత్సరీకం దగ్గరపడ్డప్పుడు, చెరువులో కొత్త సీడ్ (రొయ్య పిల్ల) వేసిన నెలలో, ఎగువన వానలు పడి భద్రాచలం దగ్గర నీరు పెరుగుతోందని టీవీలో చెప్పినప్పుడు మళ్లీ కొన్ని రాత్రులు పోతాయి. వరద రాత్రి మేల్కొని ఉండడం అవసరమే, ఉండండి. గండం గడిచాక మర్నాడు రాత్రి ఏడింటికే పడుకుని పూడ్చుకోవాలని చూడకండి. మామూలు వేళకే పడుకోండి, మామూలు వేళకే లేవండి. వారం దాటినా కుదుటపడకపోతే నోట్‌బుక్ తీసి మొదటి అడుగు నుంచి మొదలుపెట్టండి. రెండోసారికి పద్ధతి తెలిసినదే కాబట్టి సాధారణంగా తొందరగా సర్దుకుంటుంది.